దుప్పటి కప్పిన బ్యాటరీ

అక్క గొంతు రేపు పొద్దున తీసేస్తారు. లోపలి పుండు ముదిరిపోయిందని, ఇంక ఆలస్యం చేస్తే మనిషే దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు. ఆపరేషన్ వచ్చే వారం కదా అని నింపాదిగా ఉన్నవాళ్లకి నిన్న సాయంత్రం ఫోను చేసి, ఈ రోజు నాలుగింటికల్లా వచ్చి చేరమన్నారు. కొంప మీద పిడుగు పడ్డట్టయింది.

ఇరవై ఆరేళ్లు బస్టాండులో కూర్చుని ఏ బస్సు ఏ గేటుకొస్తుందో చెప్పిన గొంతు అది. తోటివాళ్లు ఆమెని మైకమ్మ అనేవారు. అమ్మ పోయాక తమ్ముణ్ని తిట్టీ బుజ్జగించీ మనిషిని చేసింది కూడా ఆ గొంతే.

ఆసుపత్రిలో గొంతు పోయినవాళ్లకి మాట నేర్పే టీచరమ్మ ఒక కాగితాల కట్ట ఇచ్చింది. అందులో నూట యాభై వాక్యాలు. కనీసం వంద శుభ్రంగా చదివి రికార్డు చేసి తెస్తే, ఆ మాటల్లోంచి కంప్యూటరు అక్క గొంతు తయారుచేస్తుంది. ఆ తర్వాత అక్క ఏది టైపు కొడితే అది ఆ గొంతుతోనే పలుకుతుంది. "గంటన్నరకి మించి మాట్లాడించకండి. ఆ తర్వాత ఆవిడకి గొంతు లేవదు" అని కూడా హెచ్చరించింది.

తమ్ముడి పనే సినిమాలకి సౌండు రికార్డు చేయడం. ఇంతకంటే అదృష్టం ఏముంటుందని మీరంటారు. ఆ అదృష్టమే నిలువునా ముంచింది, వినండి.

సౌండువాళ్లు కోడిగుడ్డుకి ఈకలు పీకే రకం. అందులో ఇతగాడు మరీను. ఇంట్లో స్పూను కింద పడితే వేలు పైకెత్తి "ష్!" అనేవాడు. అక్క మాట సగంలో ఉండగా ఎన్నిసార్లు ఆ వేలు లేచిందో లెక్క లేదు. ఈ రోజైతే ఇంక చెప్పాలా? ఫ్రిజ్ ఆపాడు, ఫ్యాన్ ఆపాడు, కిటికీలు బిగించాడు, వాటికి పరుపులు అడ్డం పెట్టాడు. గోడ కరెంటుకి తగిలిస్తే సన్నగా గుయ్‌మంటుందని రికార్డరుకి బ్యాటరీనే పెట్టాడు. బ్యాటరీ సంచిలో కదిలి టకటకలాడకుండా దానికి మందపాటి ఉన్ని గుడ్డ చుట్టి, టేపు వేసి, సంచికి జిప్పు లాగి, సంచి మీద దుప్పటి కప్పాడు. ఇరవై ఏళ్లుగా అతను చేసే పద్ధతే అది. కాకపోతే అన్నేళ్లూ చేసింది చల్లటి స్టూడియోల్లో.

పన్నెండున్నరకి మొదలుపెట్టారు. అక్క నలభై రెండో వాక్యం చదువుతుండగా రికార్డరు ఠక్కున ఆరిపోయింది. తెరిచి చూస్తే ఫైలు ఖాళీ. సంచిలో చెయ్యి పెట్టి "అబ్బా!" అని వెనక్కి లాక్కున్నాడు. బ్యాటరీ పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

"ఏమైందిరా?"

"బ్యాటరీ పోయినట్టుందక్కా. ఇంకోటుంది, కంగారుపడకు."

కంగారంతా అతనిదే. రెండో బ్యాటరీకి కూడా అదే మర్యాద చేశాడు. ఉన్ని గుడ్డ, టేపు, సంచి, దుప్పటి. అక్క మళ్లీ ఒకటో వాక్యం నుంచి ఎత్తుకుంది. ముప్ఫై ఎనిమిది దగ్గర ఇదీ ఆరిపోయింది. ఈ ఫైలూ గోవిందా. ఒకటిన్నర దాటింది. అక్క నీళ్లు తాగి గొంతు సవరించుకుంటే జల్లెడలో రాళ్లు ఆడించినట్టు వినపడింది.

"ఫోన్లో చెయ్యరాదూ? అందరూ అందులోనేగా చేస్తున్నారు."

"ఫోన్లో నీ గొంతు రేకు డబ్బాలా ఉంటుంది. జన్మంతా నువ్వు డబ్బా గొంతుతో మాట్లాడతావా? నువ్వు మాట్లాడకు, గొంతు దాచుకో."

వైరు పట్టుకు చూశాడు, చల్లగా ఉంది. మైకు తీసి వేరేది పెట్టాడు. రికార్డరు వెనక మూత విప్పి చూశాడు. కాలిన వాసన లేదు, ఏమీ లేదు. ఆ తొందరలో స్క్రూ ఒకటి జారి మంచం కిందకి పోయింది. మోకాళ్ల మీద వెతుకుతూ, ఈ దిక్కుమాలిన డబ్బాని నమ్మి మా అక్క నోరు కొట్టానే అని ఏడ్చేశాడు. అక్క చూసింది. ఓదార్చబోయి, అతను చెప్పినట్టే గొంతు దాచుకుంది.

ఏం తోచక మొదటి బ్యాటరీని ఫ్రిజ్‌లో పెట్టి, బ్యాటరీలు బాగుచేసే బాబాయికి ఫోను చేశాడు.

"ఏరా, ఉబ్బిందా? కారిందా?"

"లేదు బాబాయ్. కాలుతోందంతే. వైరు చల్లగానే ఉంది."

"రెండూ కాలాయా?"

"రెండూ."

"అయితే తప్పు బ్యాటరీది కాదు. వైరు చల్లగా ఉందన్నావుగా, అదీ కాదు. ఇంక మిగిలింది నువ్వే. దేనిలో పెట్టావు?"

చెప్పాడు.

"జ్వరం వచ్చినవాడికి రగ్గు కప్పి, గది తలుపులేసి, పైగా ఫ్యాన్ ఆపావా? దాని వేడి అది ఎక్కడ విడుస్తుందిరా? మొదటిది ఇప్పుడెక్కడుంది?"

"ఫ్రిజ్‌లో పెట్టాను."

"ఓరి నీ తెలివి తగలెయ్యా! తియ్యి ముందు, చెమ్మ పట్టి చస్తుంది. దాన్ని ఇవాళ్టికి ముట్టుకోకు. రెండోదాని గుడ్డలన్నీ ఊడదీసి స్టీలు పళ్లెంలో పెట్టు. కిటికీలు తెరువు, ఫ్యాన్ వెయ్యి. చెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేదాకా ఆగు. ఊపిరాడనీ దానికి."

"ఫ్యాన్ వేస్తే చప్పుడు బాబాయ్!"

"నీకు మీ అక్క గొంతు కావాలా, ఫ్యాన్ చప్పుడు లేకపోవడం కావాలా?"

ఆ మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. పరుపులు లాగి పారేశాడు. ఫ్యాన్ గిర్రున తిరిగింది. బ్యాటరీ చల్లారడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా పళ్లెం ముందు కూర్చుని, పది నిమిషాలకోసారి చెయ్యి ఆనించి చూస్తూ, గుర్తొచ్చినంతమంది దేవుళ్లకీ మొక్కాడు.

రెండూ ఇరవైకి మళ్లీ మొదలైంది. ఈసారి పదేసి వాక్యాలకొకసారి ఫైలు దాచుకున్నాడు. ఆ బుద్ధి ముందే ఉంటే బాగుండేది. బయట స్కూటర్ల హారన్లు, ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు, నెత్తి మీద ఫ్యాన్. అక్క చదువుతూనే ఉంది. యాభై దాటేసరికి గొంతు జీరపోయింది. డెబ్భై దగ్గర మాట మాటకీ ఆగింది. ఎనభై మూడు దగ్గర దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. చాలక్కా అనడానికి అతనికి నోరు రాలేదు, వంద కావాలి కదా. ఆ క్షణాన తనంత కసాయివాడు లేడనిపించింది. బస్టాండులో ఎంత జనం ఉన్నా చివరి బస్సు దాకా మైకు వదలని మనిషి, ఇక్కడా వదల్లేదు.

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. వంద.

బ్యాటరీ గోరువెచ్చగా ఉంది, అంతే. వెలుగుతూనే ఉంది. అక్క కాగితాలు కిందపెట్టి, తమ్ముడి వైపు తిరిగి, నవ్వి, ఏదో చెప్పబోయింది.

అతని వేలు పైకి లేచింది.

సౌండువాళ్లకి ఒక అలవాటు. మాటలన్నీ అయ్యాక ఖాళీ గదిని అర నిమిషం రికార్డు చేస్తారు. తర్వాత గది రొద కడిగి తీసెయ్యడానికి అది కావాలి. ఆ అర నిమిషం ఎవరూ ఊపిరి కూడా గట్టిగా తీయకూడదు. అతను అనుకుని ఎత్తలేదు, ఇరవై ఏళ్ల చెయ్యి దానంతటదే లేచింది. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ అక్క కూడా నోరు మూసుకుంది.

అర నిమిషం అయింది. "ఆఁ, చెప్పక్కా."

అక్క నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు పట్టుకుని మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ గాలే. "అక్కా, ఏం చెప్పబోయావు? అక్కా!" అని ఆమె చేతులు పట్టుకుని ఊపేశాడు. ఏం లేదులే అన్నట్టు చెయ్యాడించి, ఆసుపత్రి సంచీ చూపించింది. టైము మూడూ ముప్పావు అయింది.

నెలన్నర తర్వాత టీచరమ్మ చిన్న పలకలాంటి యంత్రం తెచ్చి అక్క ఒళ్లో పెట్టింది. గొంతు వెనక సన్నగా ఆ రోజు ఫ్యాన్ రొద ఉండిపోయిందని, కావాలంటే తీయించుకోవచ్చని చెప్పింది. తమ్ముడు అదేమీ వినలేదు. నెలన్నరగా తిండి సయించనివ్వని ప్రశ్న అతని గొంతులో ఉంది.

"ఆ రోజు ఏం చెప్పబోయావక్కా?"

అక్క ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు కొట్టింది. బస్టాండు మైకు గొంతు ఫ్యాన్ రొదతో సహా గదిలో పలికింది.

"మర్చిపోయాన్రా. ఇంకెప్పుడూ నేను మాట్లాడుతుంటే వేలెత్తకు."

అతను ఆ వేలు పిడికిట్లో ముడుచుకుని, ఆమె కాళ్ల దగ్గర కూలబడి, "ఇంకోసారి అనక్కా" అన్నాడు.