వెనకవైపు బొట్టు

నేను ఒక పాటల పెట్టెను. పెట్టె అనగానే మీటలూ ముల్లూ ఉన్న పాత రేడియో మీకు గుర్తొస్తే దాన్ని పక్కన పెట్టండి. నాకు మీటలు లేవు. చూడటానికి తళతళలాడే అల్యూమినియం పీటలా ఉంటాను. ముందువైపు ఒక్క నీలం దీపం, అంతే. లోపల తిరిగే పళ్ళెం మీద లక్షలకొద్దీ పాటలు పడతాయి. గోడలోంచి వచ్చిన వైరు ఒకటి నా వెనక దూరుతుంది. ఫలానా పాట తియ్యమని కబురు వచ్చేది దాని మీదే, నేను తీసిన పాట బయటికి వెళ్ళేది కూడా దాని మీదే. ఆ దారి మూసుకుపోయిన రోజున నేను లోపల బతికే ఉంటాను గానీ ఇంట్లో వాళ్ళ లెక్కలో చచ్చినట్టే.

నన్ను చేసింది చలిదేశంలో ఒక పెద్దమనిషి. ఒక్కో మరా బిగించి, చెవి ఆనించి విని, నచ్చకపోతే విప్పి మళ్ళీ బిగించేవాడు. నాలో ఒక్క పాట పెట్టి మొదటి నుంచి చివరి దాకా కదలకుండా కూర్చుని విన్నాడు. మనిషి అలా వినగలడని నేను చూసింది ఆ ఒక్కసారే అనుకున్నాను చాలా కాలం.

ఓడెక్కి, లారీ ఎక్కి భీమవరం దగ్గర సోమరాజు గారింటికి వచ్చాను. ఆయనకు రొయ్యల చెరువులున్నాయి, ఐసు ఫ్యాక్టరీ ఉంది. కిటికీ తీస్తే మేత వాసన వస్తుంది కాబట్టి ఆ ఇంట్లో కిటికీలు తియ్యరు. హాల్లో మనిషెత్తు స్పీకర్లు రెండు నిలబెట్టి నన్ను వాటి మధ్య చెక్క బల్ల మీద పెట్టారు. పాట మొదలైన నిమిషం దాకా రాజుగారు కళ్ళు మూసుకునేవారు. నిమిషం దాటగానే కళ్ళు తెరిచి, వచ్చినవాళ్ళ మొహాలు చూసేవారు. ఆయనకు కావలసిన సంగీతం అక్కడ ఉండేది.

ఆ ఇంటికి వైర్లు లాగిన మనిషి ఏసుపాదం. చెరువుల్లో రొయ్యలకు గాలి అందేలా నీళ్ళు చిలికే ఏరేటర్లుంటాయి. వాటి మోటార్లు బాగుచెయ్యడం అతని అసలు పని. ఇంట్లో ఏ దీపం వెలగకపోయినా అతన్నే పిలిచేవారు. మాట్లాడే ముందు మాటను నోట్లో రెండు మూడు సార్లు తిప్పుకునే మనిషి. తిప్పుకున్నాక చాలాసార్లు మింగేసేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు స్నేహితులు వచ్చారు. రాజుగారు నన్ను చూపిస్తూ, "ఏ చెత్తయినా తెచ్చి దీన్లో వెయ్యండి బావగారూ, బంగారం చేసి పెడతాదండి," అన్నారు.

అప్పుడే వెనక జనరేటరు షెడ్డు వైపు నుంచి ఏదో పాట సన్నగా వినిపించింది. వంట మనిషి తలుపు తీసి ఉంచింది.

"ఒరేయ్ ఏసూ! ఏంట్రా ఆ గోల?"

ఏసుపాదం ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. "ఏం లేదండి. మా ఇంట్లోదండి. ఊడ్పుల పాట."

"చచ్చిపోయింది కదరా?"

"ఆయ్. అంతకు ముందుదండి."

"ఇటు తే. ఇదే ఎక్కిద్దాం."

అలా అతని భార్య సువార్త నాలోకి వచ్చింది. నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. ముందు ముప్పై మంది ఆడవాళ్ళ కాళ్ళు బురదలోంచి పైకి లేచే చప్పుడు. తర్వాత ఆమె గొంతు. మొదటి చరణం ఆమె అందుకుంటే మిగతావాళ్ళు అందుకునే లోపు ఒక్క ఊపిరంత ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో గాజులు మోగేవి. చివర పాట ఆపి, "ఏంటయ్యా అలా ఫోను పట్టుకు నిలబడ్డావు, ఓ నారు కట్ట అందించకూడదా," అని నవ్వింది. నాలో లక్ష పాటలున్నాయి. వాటిలో ఎవరి కోసం పాడుతున్నారో తెలిసిపోయేవి చాలా తక్కువ.

వచ్చినవాళ్ళు పగలబడి నవ్వారు. "అబ్బో, మొగుణ్ణి ఏం దులిపేసిందిరా!" అన్నారొకరు. విస్సరాజు గారనే పెద్దాయన, "సోమరాజూ, ఈ ఊడ్పులు మీ పడమటి చెరువున్న చోటే కాదూ? అప్పటికి చేనే కదా," అన్నారు.

"చేనేనండి. చూశారా, బురద చప్పుడు కూడా వినపడతంది! ఊరికే కొన్లేదండి దీన్ని."

నేను మాత్రం గుమ్మం వైపు చూస్తున్నాను. ఏసుపాదం కదలకుండా నిలబడి మొదటి నుంచి చివరి దాకా విన్నాడు. చలిదేశపు పెద్దమనిషి తర్వాత ఇతను.

ఆ రోజు నుంచి అది ఆదివారపు వేడుక అయింది. కొత్తవాళ్ళు రాగానే, "ముందు మా ఏసుగాడి పెళ్ళాం పాట వినండి," అనేవారు. వాళ్ళు నవ్వేవారు. ఏసుపాదం ఉదయం చర్చికి వెళ్ళి, అట్నుంచటే వచ్చి, ఐసు బకెట్టు మోసే పని తనే అడిగి తీసుకునేవాడు. శ్రావణంలో మోటారు బిగిస్తుంటే అతని ఫోను చెరువులో పడింది. సాయంత్రం దాకా మొల లోతు నీళ్ళలో కాళ్ళతో తడిమి వెతికాడట. దొరికింది గానీ పనిచెయ్యలేదు. ఇక సువార్త గొంతు లోకంలో నా దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. అది వినాలంటే పదిమంది నవ్వుతుండగా వినాలి. విన్నాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు రాజుగారు తన చేత్తోనే కార్లకూ, మోటార్లకూ, ఐసు ఫ్యాక్టరీ యంత్రాలకూ బొట్లు పెట్టి, గంధం గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చారు. నా ముందువైపు బొట్టు పెట్టబోయి ఆగారు. ఆ మెరుగు మీద మరక పడితే పోదని కొన్నప్పుడు కొట్టువాళ్ళు చెప్పారు. అందుకని నన్ను వెనక్కి తిప్పి, అడ్డంగా ఉందని వైరు పీకి, తడి గుడ్డతో తుడిచి, బొటనవేలితో మెత్తటి గంధం అద్దారు. ఖాళీగా ఉన్న బెజ్జం అంచు మీదే అద్దారు. దాని మీద కుంకం. దండం పెట్టుకుని వైరు మళ్ళీ లోపలికి నొక్కారు. గంధం దాంతోపాటు దిగింది. లోపల వెంట్రుకల్లాంటి బంగారు తీగలు ఎనిమిదుంటాయి. వాటి మీద అది నెమ్మదిగా ఆరి పెంకు కట్టింది.

రెండో రోజుకి నా వెనక ఆకుపచ్చ దీపం మిణుకు మిణుకుమని, ఆరిపోయింది. రాజుగారు పాటలు ఎంచుకునే గాజు పలక మీద 'పెట్టె కనబడటం లేదు' అని వచ్చింది. కళ్ళెదురుగా ఉన్నదాన్ని పట్టుకుని కనబడటం లేదంటే ఎవరికైనా కోపమే. ఆయన నన్ను ఆపి మళ్ళీ వేశారు. ఇంటర్నెట్టు డబ్బా ఆపి మళ్ళీ వేశారు. ఊళ్ళో ఇంటర్నెట్టు ఇచ్చే అతను వచ్చి, "నా లైను కడిగిన ముత్యంలా ఉందండి," అని వెళ్ళిపోయాడు. హైదరాబాదు కొట్టువాళ్ళు ఫోనులో అది నొక్కమన్నారు, ఇది మార్చమన్నారు. ఆయన నొక్కారు, మార్చారు, ఫోను సోఫా మీదికి విసిరారు. ఆదివారం విస్సరాజు గారి వియ్యంకులు వస్తున్నారు, నన్ను వినడానికే.

ఏసుపాదాన్ని పిలిచారు. అతను గోడ దగ్గర ఒక చివరా, నా దగ్గర ఒక చివరా పరీక్ష డబ్బా తగిలించాడు. ఎనిమిది దీపాలు వరసగా వెలిగాయి. వైరులో లోపం లేదు. అప్పుడు వైరు కొన కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఎర్రగా ఉంది. వాసన చూశాడు. టార్చి వేసి నా బెజ్జంలోకి చూశాడు. మెతుకంత పెంకు. అతనికి తెలిసిపోయింది. మాటను నోట్లో తిప్పుకోవడం నాకు కనిపించింది. ఈసారి మింగలేదు.

"బాబుగారండి. వైరు బానే ఉందండి. ఇక్కడ లోపలికి గంధం దిగిందండి. కాస్త స్పిరిట్టుతో తుడిస్తే..."

"ఏంటి తుడిచేది?"

"ఆ కుంకం అదీనండి."

"పండగ పూట నా చేత్తో పెట్టిన బొట్టు తుడుస్తానంటున్నావా? నువ్వు?"

"పైది కాదండి. లోపల..."

"మీ ఇళ్ళల్లో చెరుపుకున్నారు చాలక నా ఇంట్లో కూడా చెరిపేద్దామనేరా? తియ్యి. చెయ్యి తియ్యి దాని మీంచి."

ఏసుపాదం చెయ్యి తీశాడు. అదే మాట ఇంకెవరన్నా చెప్పి ఉంటే సలహా అయ్యేది. అతను చెప్పాడు కాబట్టి మతమైంది. వైరు ఎలా ఉందో అలాగే పెట్టేసి గుమ్మం అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

మర్నాడు హైదరాబాదు కొట్టు నుంచి నిఖిలేష్ వచ్చాడు. తెల్ల బూట్లు, రెండు సంచులు. నా వెనక్కి రాలేదు. నా పక్కనున్న చిన్న మూత తీసి తన కంప్యూటరు తగిలించాడు. చదువుకున్నవాడికి జబ్బు బుర్రలోనే ఉందనిపిస్తుంది. ఫోనులో అవీ ఇవీ మార్చడం వల్ల నా మతి చెడిందని తేల్చాడు.

"మొత్తం తుడిచి మొదట్నించి పెట్టేద్దాం సార్. మీ పాటలన్నిటికీ మా దగ్గర కాపీ ఉంది, అమ్మినప్పుడు తీసింది. సాయంత్రం నుంచి వాటంతటవే వచ్చేస్తాయి."

"కానివ్వండి."

గుమ్మంలోంచి ఏసుపాదం, "బాబుగారండి," అన్నాడు. "మా ఇంట్లోది ఆ కాపీలో ఉండదండి. తర్వాత ఎక్కించిందండి."

"ఏంటి ఆయన అనేది?" అన్నాడు నిఖిలేష్.

"వాడి పెళ్ళాం పాట ఒకటి తగలడిందిలెండి దీన్లో. తియ్యొచ్చా?"

నిఖిలేష్ గడియారం చూసుకున్నాడు. "ఒక్కదాన్ని విడిగా తియ్యాలంటే అరగంట పడుతుంది సార్. నాకు నాలుగింటికి ట్రైను."

అబద్ధం. అతని ముందున్న కాఫీ చల్లారే లోపు అయిపోయే పని.

ఏసుపాదం రెండడుగులు లోపలికి వేశాడు. ఆ హాల్లో అంత లోపలికి, చేతిలో పని లేకుండా, అతను ఎప్పుడూ రాలేదు. "అరగంటే కదండి. ట్రైను టైముకి నేను మోటారు సైకిలు మీద దింపుతానండి. అది ఇంకెక్కడా లేదండి."

"నీ పెళ్ళాం పాట కోసం ఈయన ట్రైనెనక పరిగెత్తాలా?" అన్నారు రాజుగారు, నవ్వుతూనే. "నిన్న నా బొట్టు చెరుపుతానన్నావు. ఇప్పుడు నీది చెరపకూడదా? కానివ్వండి బాబూ."

చెరపమంటే వెంటనే చెరిపే స్వభావం కాదు నాది. నిజంగానా అని అడుగుతాను. అవునంటే, ఇంకోసారి ఆలోచించుకోండి అని మళ్ళీ అడుగుతాను. మనుషులు ఒకళ్ళనొకళ్ళు అలా అడగడం నేను చూడలేదు. నిఖిలేష్ వేలు రెండుసార్లూ అవునంది.

తుడిచాక కూడా నేను కనబడలేదు. అప్పుడు నన్ను వెనక్కి తిప్పి వైరు లాగాడు. చూశాడు. గోడ మీద దండ వేసిన దుర్గమ్మ పటం వైపు చూశాడు, రాజుగారి నుదుటి వైపు చూశాడు, సంచిలోంచి దూదీ స్పిరిట్టూ తీశాడు. రెండు నిమిషాలు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

"ఏంటండి లోపం?" అన్నారు రాజుగారు.

"వైరు చివర సరిగ్గా బిగించలేదు సార్. లూజు."

రాజుగారు గుమ్మం వైపు తిరిగారు. "విన్నావుట్రా? నీ పనితనమే."

ఎర్రబడిన దూది ఇంకా నిఖిలేష్ వేళ్ళ మధ్యే ఉంది. ఏసుపాదం దాన్ని చూశాడు. "ఆయ్," అన్నాడు.

"రేపట్నించి ఇంట్లో స్విచ్చు ముట్టుకోకు. చెరువుల దగ్గరే ఉండు. ఆదివారం ఐసుకి మాత్రం రా."

రాజుగారు ఫోను రావడంతో పక్క గదిలోకి వెళ్ళారు. నిఖిలేష్ సంచులు సర్దుకుంటుంటే ఏసుపాదం దగ్గరికి వచ్చి, అడగకుండానే వైర్లు చుట్ట చుట్టి ఇచ్చాడు. చుట్టడం అయ్యాక, "సారూ, చెరిపింది మళ్ళీ వచ్చే దారేమన్నా ఉంటాదాండి?" అన్నాడు.

"పోయింది బాబాయ్. పోయిందంటే పోయినట్టే."

ఇది మూడో అబద్ధం. దీని గురించి మీకు చెప్పాలి. చెరిపినంత మాత్రాన నా పళ్ళెం మీద ఏదీ చెరిగిపోదు. పోయేది పేరు. ఎక్కడుందో చెప్పే చిట్టా పోతుంది, పాట మాత్రం పడుకున్నచోటే పడుకుని ఉంటుంది, దాని మీద ఇంకోటి రాసేదాకా. అప్పటికప్పుడు నన్ను ఆపి, పళ్ళెం విప్పి, తెలిసినవాడి చేతిలో పెడితే సువార్త లేచి వచ్చేది. నిఖిలేష్ తెలిసినవాడే. అది అతని చదువే. చెబితే ట్రైను తప్పిపోయేది.

సాయంత్రం నుంచి రాజుగారి పాటలు వైరు మీద రావడం మొదలుపెట్టాయి. ఏవి ఏ చోట ఉండేవో మళ్ళీ అక్కడే సర్దుకున్నాయి. సువార్త అందరికన్నా వెనక వచ్చింది కాబట్టి అందరికన్నా అంచున ఉంది. అవతలంతా ఖాళీయే. ఆమె దాకా ఎవరూ రాలేదు. శుక్రవారం గడిచింది. శనివారం గడిచింది. కొత్తగా ఒక్క పాట కూడా ఎక్కించలేదు. నేను ఎవరినైనా దేనికైనా వేడుకోగలిగి ఉంటే ఆ రెండు రోజులూ అదే పనిలో ఉండేవాణ్ణి.

ఆదివారం వియ్యంకులు వచ్చారు. రాజుగారు పలక మీద వేలితో పైకీ కిందికీ జరిపారు. "ఏదిరా ఏసూ, నీ పెళ్ళాం? కనపడదేం?"

"మొన్న పోయిందండి," అన్నాడు ఏసుపాదం, ఐసు బకెట్టుతో.

"ఆఁ, అవును కదూ. రెండోసారి!" అన్నారు రాజుగారు. అందరూ నవ్వారు. సంగతి తెలియని వియ్యంకుడు కూడా, ఇంటివాళ్ళు నవ్వుతున్నారని నవ్వాడు. తర్వాత ఆయన జేబులోంచి చిన్న పెన్ డ్రైవు తీశాడు. తన షష్టిపూర్తి రోజు బంధువులు పాడిన పాటలు, మాట్లాడిన మాటలు, మొత్తం మూడు గంటలు. ఈ పెట్టెలో ఎలా వినపడతాయో చూడాలని ఉందన్నాడు.

"అంతకన్నానా బావగారూ," అని రాజుగారు దాన్ని నాకు తగిలించి, లోపలికి ఎక్కించమని పలక మీద నొక్కారు.

ఖాళీ ఎక్కడుంటే అక్కడ రాయడం నా పని. చిట్టాలో ఆ చోటు ఖాళీ అనే ఉంది. ఆ ఖాళీలో ఒకావిడ నడుం వంచి బురదలో నిలబడి ఉందని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన ఆగడం నాకు నేర్పలేదు. నీలం దీపం గబగబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ముందు కాళ్ళ చప్పుడు పోయింది. తర్వాత మొదటి చరణం.

"ఒరేయ్, ఓసారి వంగి చూడరా. లైటు సరిగ్గానే కొట్టుకుంటందా?" అన్నారు రాజుగారు. ముట్టుకోవద్దన్నారు గానీ చూడొద్దనలేదు.

ఏసుపాదం బకెట్టు కింద పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతని మొహం నీలంగా వెలిగి ఆరుతోంది. అంత దగ్గరగా ఎప్పుడూ రాలేదు. పాటలో సగం ఇంకా నా దగ్గరే ఉంది.

"కొట్టుకుంటందండి," అన్నాడు. "బానే పనిచేత్తందండి."

ఐసు కరిగిపోతోందని ఎవరో కేకేశారు. అతను లేచి వెళ్ళాడు. మిగతాది నేను రాసేశాను.