పొద్దున పూటే మోగే కారు

మా ఆటోమేటిక్ కారుకి ఓ వింత జబ్బు పట్టుకుంది. పొద్దున్నే నేను స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేక్ దించి, గేరు లీవర్‌ని పార్కింగ్ P లోంచి లాగగానే కింద ఎక్కడో ఠంగ్‌మంటుంది. ఇనప బిందె మెట్ల మీంచి జారిపడ్డట్టు! ఒక్కసారే. ఆ తర్వాత ఎంత దూరం నడిపినా నంగనాచిలా నోరెత్తదు.

ఈ సంగతి మా ఆయనకి చెప్పడం నా బుద్ధి తక్కువ.

"నీ చేతిలోనే ఎందుకు మోగుతుందే అది? మధ్యాహ్నం నేను తీస్తే కిక్కురుమనదు," అన్నారు.

అదే నాకు ఒళ్లుమంట. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. పొద్దున కారు నాది. బట్టల మూటలు వేసుకుని నా కుట్టు షాపుకి పోతాను. అన్నం వేళకి తెచ్చి ఇంటి ముందు పెడతాను. అప్పుడు ఆయన తీసుకుని గోడౌన్‌లో డ్యూటీకి వెళ్తారు, చీకటి పడ్డాక తెచ్చి పెడతారు. ఒకటే కారు, ఒకటే గుమ్మం. నాకు మోగుతుంది, ఆయనకి మోగదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది," అని మా అత్తయ్య వైపు చూసి నవ్వారు కూడా. ఆవిడ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటే వీధిలో ఏ సంగతీ ఆవిణ్ణి దాటిపోదు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

మా మరిదికి మెకానిక్ షెడ్డు ఉంది. అక్కడికి తీసుకెళ్లాను. తిప్పాడు, బ్రేకులు కొట్టి చూశాడు, కిందకి దూరి టార్చిలైటు వేశాడు. చప్పుడు లేదు!

"వదినా, చల్లటి పొద్దున ఆయిల్ చిక్కబడుతుందేమో," అన్నాడు. ఆయిల్ మార్చాడు. మర్నాడు ఠంగ్! "ఇంజన్ కింద రబ్బరు దిమ్మలు అరిగాయేమో," అన్నాడు. అవీ మార్చాడు. మళ్లీ ఠంగ్! ఆఖరికి తల గోక్కుంటూ, "గేర్‌బాక్స్ దించి చూడాలి వదినా," అన్నాడు. వాడికి ఏమీ తోచకపోతే పెద్ద మాట ఒకటి అనేస్తాడు, చిన్నప్పట్నించీ అంతే.

ఆ మాట మా ఆయన చెవిన పడింది. "గేర్‌బాక్స్ పోయిందంటే ఇక దాని పని అయిపోయినట్టే. పూర్తిగా పోకముందే అమ్మేద్దాం. మళ్లీ చక్కగా గేర్ల కారు కొందాం. మా సూపర్‌వైజర్ అడుగుతున్నాడు, ఆదివారం వచ్చి తీసుకెళ్తాడు," అన్నారు.

"మరి నేను?"

"నేను దింపుతాగా, ఇదివరకటిలా."

ఇదివరకటిలా! ఇదివరకు నేను మూటలు పక్కన పెట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. ఈయన గడ్డం గీసుకుని, పేపరు చదివి, కాఫీ తాగి, దారిలో కనబడ్డ వాళ్లందరినీ పలకరించి దింపేసరికి షాపు ముందు గిరాకీ వెనక్కి పోయేది. గేర్ల కారు నాకు పట్టుబడలేదు. క్లచ్ వదిలితే ఎగిరి ఆగిపోయేది, వెనకాల హారన్లు, పక్కన ఈయన నిట్టూర్పులు. పిల్లలు పెళ్లీడుకొచ్చాక ఈ ఆటోమేటిక్ కొన్నాం గనక నా బతుక్కి స్టీరింగ్ దొరికింది. అది పోతే నేను మళ్లీ గుమ్మంలోకే. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు, దాచుకోవడం ఎందుకు.

శనివారం ఆయనకి సెలవు. నేను మధ్యాహ్నం పెట్టిన కారు పెట్టినట్టే ఉండిపోయింది. ఆదివారం పొద్దున్నే మరిదికి ఫోన్ చేసి, "ఆ చప్పుడేదో నీ చెవులతో విను, రా," అని పిలిచాను. వచ్చాడు. సీట్లో కూర్చుని P లోంచి లాగాడు.

ఏమీ లేదు! చడీచప్పుడూ లేదు. దిక్కుమాలిన కారు, నా పరువు తీసేసింది.

"చెప్పానా, మా ఆవిడ చెవుల్లోనే ఉంది గేర్‌బాక్స్," అన్నారు ఆయన, లుంగీ సర్దుకుంటూ. "సరే దిగరా. వచ్చేవాడికి ఎదురుగా కనిపించేట్టు నేను పెడతా."

మా వీధి ఏటవాలు. నిమ్మకాయ కింద పెడితే చివరి ఇంటి గేటు దాకా దొర్లిపోతుంది. ఆయన ముందుకి తీసి, వెనక్కి వచ్చి, ఆపి, టక్కున P లోకి నెట్టి బ్రేకు మీంచి కాలు తీసేశారు. కారు బెత్తెడు జారి కుదుపుతో ఆగింది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి, దొరలా దిగారు.

"ఏరా చిన్నోడా, ఇప్పుడు తియ్యి," అంది అత్తయ్య, కుర్చీలోంచి లేవకుండానే.

మరిది ఎక్కి లాగాడు. ఠంగ్!

మరిది మెల్లగా తల బయట పెట్టి, "వదినా, నువ్వు పెట్టు," అన్నాడు.

పెట్టాను. నాకు డ్రైవింగ్ నేర్పినాయన చెప్పినట్టే: కాలు బ్రేకు మీద, ముందు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా, కాలు కొంచెం వదిలి బండి కుదుటపడిందో లేదో చూసుకుని, ఆఖర్న P. నేనిలా పెడుతుంటే ఈయన, "పూజ అయిందా?" అని వెక్కిరించేవారు. మరిది ఎక్కి లాగాడు. చప్పుడు లేదు.

"అన్నయ్యా, నువ్వు పెట్టు." ఠంగ్! "వదినా, నువ్వు." లేదు.

మరిది నవ్వాపుకోలేక స్టీరింగ్ మీద వాలిపోయాడు. "P లో గేర్‌బాక్స్ లోపల చిన్న కొక్కెం పడుతుంది, అంతే. అన్నయ్యా, నువ్వు పల్లంలో బండి బరువంతా ఆ కొక్కేనికి వేలాడదీసి, తర్వాత హ్యాండ్‌బ్రేక్ లాగుతున్నావు. పొద్దున వదిన లాగినప్పుడు అది బిగుసుకుపోయి ఠంగున ఊడుతోంది. నువ్వు పెట్టిన చప్పుడు వదినకి, వదిన పెట్టిన నిశ్శబ్దం నీకూ దక్కాయి!"

"గేర్ల కారుని ఇన్నేళ్లూ గేర్లోనే ఆపాను, ఏం కాలేదే," అని గొణిగి, ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు.

"అన్నీ తెలిసిన నీకు ఈ కారు ఆపడం నేర్పడానికి ఎవరైనా మిగిలారంటావా?" అంది అత్తయ్య.

నేను నవ్వేలోపే సూపర్‌వైజర్ వచ్చేశాడు. మరిది ఆగుతాడా, మొత్తం చెప్పేశాడు.

"అయితే బండిలో లోపమే లేదన్నమాట! ఇంకా మంచిది, తాళాలివ్వండి," అన్నాడు సూపర్‌వైజర్ చెయ్యి చాపి.

చప్పుడు దొరికితే చాలనుకున్నాను గానీ, ఈయన మాట ఇచ్చేశారన్న సంగతే మర్చిపోయాను. అతను పై అధికారి. ఈయన కాదనలేరు. నేను ఏ రోజూ ఈయన్ని ఏదీ బతిమాలలేదు, అయినా నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఇవ్వకండి. నేను మళ్లీ గుమ్మంలో నిలబడలేను."

మా ఆయన నా వైపు చూశారు. తాళాలు ఆయన లుంగీ మడతలో ఉన్నాయి. తీశారు. కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసుకున్నారు.

"క్షమించండి సార్. నాది కాని దాన్ని నేను బేరం పెట్టాను," అన్నారు. "ఇది మా ఆవిడ కారు. మధ్యాహ్నాలు నేను అడిగి తీసుకెళ్తుంటాను."