ఆరో బ్యాటరీ

దావీదు నాలుగో బ్యాటరీ మూతలు విప్పి లోపలికి తొంగి చూశాడు. ఇందాకే చూశాడు, అయినా చూశాడు. కుదురుగా కూర్చోవడం అతని ఒంట్లో లేదు. యాసిడ్ చుక్కలు పడి చొక్కా జల్లెడైపోయింది, వేళ్ళ చివర్లు నల్లగా కమిలిపోయాయి.

ఆలూరు దారిలో డేరాలు వేసిన మిలిటరీ వాళ్ళు నిన్న ఆరు వైర్‌లెస్ బ్యాటరీలు తెచ్చి ఆదోనిలో దావీదు పనిచేసే యూసుఫ్ సాబ్ బ్యాటరీ షాపులో దించారు. రేపు తెల్లారి వెళ్ళిపోతారు. ఆలోగా ఆరూ ఛార్జి కావాలి.

బ్యాటరీలకు ఇక్కడి బావినీళ్ళు పనికిరావు, ఉప్పు. ఏటా వానల్లో దావీదు తెల్లపంచెను ఆరుబయట నాలుగు కొసలా కట్టి, దాంట్లోంచి కారే వాననీళ్ళు జాడీలో పట్టి ఇంట్లో దాస్తాడు. ఈ పొద్దున చూస్తే అడుగున కాసిని ఉన్నాయి. బావినీళ్ళకు కందిపప్పు ఉడకడం లేదని శాంతమ్మ వాడేసింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో ఎన్నడూ అనని మాటలు అన్నాడు పెళ్ళాన్ని.

ఆ కాసిని నీళ్ళు అయిదు బ్యాటరీలకే సరిపోయాయి.

"బాయినీళ్ళు పొయ్యి దావీదూ. వాళ్ళకేం తెలుస్తాది?" అన్నాడు యూసుఫ్ సాబ్.

"నాకు తెలుస్తాది సాబ్."

యుద్ధంలో, బర్మాలో, పటాలం వైర్‌లెస్ బ్యాటరీలు చూసే రోజుల్లో, తొందరలో ఒక్కసారి వాగునీళ్ళు పోశాడు. సెట్టు మధ్యలో మూగబోయింది. కబురు అందక అవతలి కొండ మీది పదకొండు మంది తిరిగి రాలేదు. ఎవరూ దావీదును తప్పుపట్టలేదు. పట్టి ఉంటే తిట్టించుకుని కుదుటపడేవాడేమో పాపం.

మధ్యాహ్నం తెలిసిన ఇళ్ళన్నీ తిరిగాడు. మే నెలలో వాననీళ్ళు ఎవరిస్తారు? ఎండనపడి వచ్చి, ఎడమ భుజం పిసుక్కుంటూ ఆరో బ్యాటరీ పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చాలాసేపు లేవలేదు. దావీదు అంతసేపు కూర్చోవడమేమిటని యూసుఫ్ సాబ్ దగ్గరికి వచ్చాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, అక్కడే కూలబడ్డాడు.

అప్పుడే శాంతమ్మ వచ్చింది. పొద్దుటి అలక గొంతులో ఇంకా ఉంది.

"రేపటి పప్పుకని కాసిని వాననీళ్ళు దాసిపెట్టుకున్యా, తీసుకో. ఇత్తడి సెంబు గాదులే. ఇత్తడి తగలగూడదని నువ్వు సెప్పినట్ల గాజు సీసాలోనే తెచ్చినా."

దావీదు పలకలేదు. యూసుఫ్ సాబ్ తల ఎత్తలేదు. ఆమెకు అర్థమైంది. మొగుడి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూనే సీసా యూసుఫ్ సాబ్ చేతికిచ్చింది.

"ముందు ఈ నీళ్ళు దాంట్లో పొయ్యి సాబ్. లేకుంటే ఈయప్ప ఆడ పైన గూడ కుదురుగా కూసోడు."

యూసుఫ్ సాబ్ పోశాడు, చుక్క కింద పడకుండా.

తెల్లారి మిలిటరీ ట్రక్కు ఆరు బ్యాటరీలూ ఎక్కించుకుని పోయింది. బల్ల మీద ఖాళీ సీసా ఉంది, దుమ్ము పడకుండా శాంతమ్మ సీసా మూతికి చుట్టి తెచ్చిన తెల్లపంచె పేలిక పక్కనే.