పిలిస్తే తిరిగిన పడవ

గాజులమ్మే మనిషిని గడపలోంచి పొమ్మనకూడదంటారు. ఆ ఒక్క పట్టింపే లేకపోతే సుందరమ్మ ఆ పొద్దున హజ్రా బీని వాకిట్లోంచే తరిమేసి ఉండేది. తరమడానికి కావలసినంత కారణం ఉంది. నెల కిందట కృష్ణలో మునిగిన పడవకు చుక్కాని పట్టింది హజ్రా బీ మొగుడు ఇమాం సాహెబు. ఆ పడవలో పోయిన పదకొండు మందిలో సుందరమ్మ మనవరాలు ఒకతి. నాలుగేళ్ళ పిల్ల.

"నా మనవరాలిని మింగినోడి పెళ్ళానివి," అంది సుందరమ్మ మొహమాటం లేకుండా. "అయినా కూర్చో. కోడలి చేతులు బోసిగా ఉండాయి. మొగుడున్న మనిషి అట్టా ఉండకూడదు."

హజ్రా బీ గాజుల మలారం దించి అరుగు మీద కూర్చుంది. నిజానికి ఆమె గాజులమ్మడానికి రాలేదు. సుందరమ్మ కోడలు ధనమ్మను ఒక్క మాట అడగడానికి వచ్చింది.

గురజాల కోర్టులో ఇమాం సాహెబు మీద కేసు నడుస్తోంది. రేవు వేలం పాడుకున్న ఆసామి, పడవ నాదే గానీ నడిపింది నేను కాదు కదా అని చేతులు దులుపుకున్నాడు. పెద్దవాళ్ళకు చేతులు దులుపుకోవడం పుట్టుకతోనే వస్తుంది కాబోలు. తెడ్డు వేసే మన్సూరు ఏట్లోనే పోయాడు. చచ్చినవాణ్ణి బోనెక్కించలేరు గనక నేరమంతా ఇమాం సాహెబు మెడకు చుట్టుకుంది. పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించాడన్నది ఒకటి. ఒడ్డు విడిచిన పడవను వెనక్కి తిప్పి మరీ ఇంకొకరిని ఎక్కించుకున్నాడన్నది అంతకంటే పెద్దది. బతికి బయటపడిన కూలీలు, ఎవరో బిడ్డనెత్తుకున్న ఆడమనిషి అన్నారు. పడవలో బిడ్డల తల్లులు ఇంకా ఉన్నారు, వాళ్ళలో ఆమె ఎవరో కూలీలెరగరు. కిరాయి ఆశకే తిప్పాడని సర్కారు వకీలు వాదన. అది నిలిస్తే రెండేళ్ళు తప్పదని ఇమాం సాహెబు తరపు వకీలే చెప్పాడు.

ఆమె ఎవరని మేజిస్ట్రేటు అడిగితే ఇమాం సాహెబు గుర్తులేదన్నాడు. జామీను మీద ఇంటికొచ్చాక పెళ్ళాంతో మాత్రం నిజం చెప్పాడు. ఏటి అవతల తల్లి చావుబతుకుల్లో ఉందని కబురొస్తే, ఏరు పొంగి ఉంది వద్దని అత్త అంటున్నా వినకుండా ధనమ్మ బిడ్డతో పరిగెత్తుకొచ్చింది. పడవ అప్పటికే కదిలింది. మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, మా అమ్మను ఒక్కసారి చూడనీ బాబాయ్ అని ఏడ్చింది. ఆయన తిప్పాడు.

"ఆ పిల్ల పేరు ఎక్కడా ఎత్తమాక," అన్నాడు పెళ్ళాంతో. "పదకొండు ఇళ్ళవాళ్ళు దాన్ని బతకనీయరు. బిడ్డ ఎట్టాగూ పోయింది, తలదాచుకునే నీడన్నా ఉండనీ."

మహా ధర్మరాజు, అనుకుంది హజ్రా బీ. ఆయనకు ఉబ్బసం. చలికాలం ఇంట్లోనే గడవడం కష్టం. రెండేళ్ళ జైలంటే మనిషి తిరిగిరాడని ఆమె భయం. అందుకే మొగుడికి చెప్పకుండా, కోర్టుకొచ్చి నిజం చెప్పమని ధనమ్మను అడగడానికి బయలుదేరింది.

ధనమ్మ వచ్చి చెయ్యి చాచింది. గాజులు విరిగి గుచ్చుకున్న గాట్లు మణికట్టు చుట్టూ ఇంకా నల్లగా ఉన్నాయి. నీళ్ళలోంచి ఇమాం సాహెబు పట్టి లాగింది ఈ చెయ్యే. హజ్రా బీ ఆ చేతిని మెల్లగా నొక్కుతూ, దారంతా వల్లించుకున్న మాట కోసం గొంతు సవరించుకుంది. సుందరమ్మ గాజులకు ఇచ్చే గింజలు కొలవడానికి లోపలికి వెళ్ళింది.

"పిన్నీ, బాబాయి నా పేరు చెప్పాడా?" అంది ధనమ్మ గొంతు తగ్గించి.

"లేదమ్మా. గుర్తులేదన్నాడు."

ధనమ్మ రెండో చేతిని చూసుకుంది. "బిడ్డ ఈ చేతిలో ఉండింది పిన్నీ."

ఆ మాట విన్నాక హజ్రా బీ అడగాలనుకున్నది మానుకుంది. గాజులు తొడిగింది. వాయిదా ఎప్పుడని ధనమ్మ అడిగితే మంగళవారమని చెప్పి, మలారం ఎత్తుకుని వెళ్ళిపోయింది. దారిలో తనను తానే తిట్టుకుంది.

మంగళవారం కోర్టులో, ఇంకేమైనా చెప్పుకుంటావా అని మేజిస్ట్రేటు ముద్దాయిని అడిగాడు. ఇమాం సాహెబు లేదన్నాడు.

"నేను చెప్పాలి దొరా," అని గుమ్మం దగ్గర్నుంచి వినిపించింది. ధనమ్మ. ఇంట్లో చెప్పకుండా, కాళ్ళకు దుమ్ముతో ఒక్కతే నడిచి వచ్చింది. బోనెక్కి ఉన్నదున్నట్టు చెప్పింది. కిరాయి ఇవ్వడానికి తన దగ్గర చిల్లికానీ కూడా లేదని, ఆ సంగతి ముందే చెప్పి ఏడిస్తేనే పడవ తిరిగిందని చెప్పింది.

ఇమాం సాహెబు చేతులు జోడించాడు. "పిలవటం ఆ పిల్ల తప్పు కాదు దొరా. తల్లి కోసం ఎవరైనా పిలుస్తారు. పడవ నిండిందని నాకు తెలుసు. చుక్కాని నా చేతిలో ఉంది. తప్పు నాదని రాసుకోండి."

మేజిస్ట్రేటు చాలాసేపు రాశాడు. జాలిపడి చేసినా పదకొండు ప్రాణాలకు చుక్కాని పట్టినవాడు జవాబు చెప్పక తప్పదన్నాడు. అయితే ఇందులో కిరాయి ఆశ లేదన్నాడు. నాలుగు నెలలు వేశాడు. హజ్రా బీ గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో సగం సంతోషమే.

జవాన్లు తీసుకుపోతుంటే ఇమాం సాహెబు పెళ్ళాం దగ్గర ఆగాడు. "ఆ పిల్లను ఇంటిదాకా దించిరా. ఒక్కదాన్నే పోనీయమాక."

వాళ్ళు ఊరు చేరేసరికి కబురు ముందే చేరింది. వీధిలో ఒకరిద్దరు తలుపులు వేసుకున్నారు. సుందరమ్మ గడపలోనే నిలబడి ఉంది. ధనమ్మ వాకిలి బయటే ఆగిపోయింది.

"అక్కా, కోపముంటే నన్ను తిట్టు..." అని హజ్రా బీ మొదలుపెట్టింది.

"నువ్వాగు హజ్రా," అంది సుందరమ్మ. కోడలినే చూస్తూ మెట్లు దిగింది. "పడవ మునిగిన రోజు సాయంత్రమే మీ అమ్మ కూడా పోయింది. మేమంతా మా బిడ్డ బిడ్డ అని ఏడుస్తుంటే, మీ అమ్మ కోసం నువ్వు ఏడవనేలేదు గదే."

ధనమ్మ అమ్మా అంటూ ఏడుపు అందుకుంది.

"వీధిలో వద్దు. లోపలికొచ్చి ఏడువు," అని సుందరమ్మ కోడలి భుజం మీద చెయ్యి వేసి గడప దాటించింది.