ప్రిన్సిపాల్ గారి గురువారం

జావ అడుగంటిన గిన్నెని గీకుతూనే కొరీన్ రెండు పాఠాలు చెబుతోంది. ఎనిమిదేళ్ల ఫీబీకి భిన్నాలు, ఆరేళ్ల ఓటిస్‌కి అక్షరాలు. ఓటిస్ చూపు మాత్రం కిటికీ మీదే ఉంది. రాత్రంతా మంచు కురవడంతో బడి బస్సు రాలేదు. ఎదురింటి పిల్ల మారెన్ అప్పుడే మంచు మీద జారే స్లెడ్డు బండి లాక్కుంటూ గుట్టెక్కుతోంది.

"వాళ్లకి మంచు సెలవిచ్చారు. మనకేదమ్మా?"

"వంటింట్లో ఉన్న బడికి సెలవెందుకురా?" అంది కొరీన్. ఆ మాట తనది కాదు, మొగుడిది. ఏటా మొదటి మంచుకి వెండల్ వేసే జోకు అది. అంతకంటే పాత జోకు ఇంకొకటుంది. చర్చిలో కొత్తవాళ్లు కనబడితే చాలు, "మా ఇంటి బడికి తను టీచరు, నేను ప్రిన్సిపాల్‌ని" అంటాడు. అందరూ నవ్వుతారు. మూడేళ్లుగా కొరీన్ కూడా నవ్వుతూనే ఉంది. పిల్లల్ని ఇంట్లో చదివించడం ఆమెకి ఇష్టమే. ఓటిస్ ఒక కొత్త పదం కూడబలుక్కుని చదివి తలెత్తి చూస్తే, ఆ చూపుని ఆమె దేనికోసమూ వదులుకోదు. కానీ పిల్లాణ్ణి ఇష్టంగానే ఎత్తుకున్నా కాసేపటికి చెయ్యి లాగుతుంది కదా.

పొద్దున్నే హిల్డా ఫోన్ చేసింది. ఊళ్లో పశువుల డాక్టరు ఆవిడ. పిల్లల చదువు మొదలయ్యేదాకా కొరీన్ ఆవిడ దగ్గరే పనిచేసేది. "ఆవులు ఈనే కాలం వచ్చేస్తోంది. గురువారాలు వస్తావా? నీ చేతికున్న ఒడుపు ఈ కొత్తవాళ్లకి లేదు తల్లీ. సాయంత్రంలోగా చెప్పు, లేకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి."

"ఇంట్లో అడిగి చెబుతాను," అంది కొరీన్. ఫోన్ పెట్టేశాక తన మీద తనకే ఒళ్లు మండింది. ధాన్యం గోదాములో శనివారాలు కూడా పనిచేసే వెండల్‌కి బదులుగా గురువారం సెలవు. ఆ రోజు గడ్డకట్టిన చెరువు మీద కన్నం తొలుచుకుని చేపల కోసం కూర్చుంటాడు. ఆ సెలవు జోలికి పోవాలని ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ తోచలేదు. తనకీ తోచలేదు.

మధ్యాహ్నం అత్తగారు లోరెట్టా గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ వచ్చింది. ఇంకా కూర్చోకుండానే పరీక్ష మొదలుపెట్టింది. బడికెళ్లే మిగతా మనవల్ని ఆవిడ ఎప్పుడూ ఇలా అడగదు.

"ఫీబీ, ఏడెనిమిదులు?"

"యాభయ్యారు."

"అచ్చం వాళ్ల నాన్న బుర్రే!" అని మురిసిపోయి, సూపు డబ్బా మీది పేరు చదవమని ఓటిస్ ముందు పెట్టింది. వాడు మూడో అక్షరం దగ్గర ఆగిపోయాడు. "ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఇదేనా? రోజంతా ఇంట్లోనే కదమ్మాయ్ ఉంటావు, ఏం చేస్తుంటావు?"

కొరీన్ సూపు వడ్డించింది. వచ్చిన లెక్క తండ్రి ఖాతాలోకి, రాని అక్షరం తల్లి ఖాతాలోకి ఎలా వెళ్తాయో ఆమెకి ఎప్పటికీ అర్థం కాదు. హిల్డా దగ్గరైతే ఒక దూడ బతికితే అది కొరీన్ బతికించిన దూడే.

అత్తగారు వెళ్లాక మారెన్ ఆడుకోవడానికి వచ్చింది. ముందు గదిలో బడి ఆట మొదలైంది. ఫీబీ తండ్రి పడక్కుర్చీ ఎక్కి కాళ్లు బారజాపింది.

"నేను ప్రిన్సిపాల్‌ని. ఓటిస్, నువ్వు టీచర్‌వి. గిన్నెలు తోము."

"మరి ప్రిన్సిపాల్ ఏం చేస్తారు?"

"ఏం చెయ్యరు. సాయంత్రం వచ్చి, 'ఏంటి, ఇవాళ ఏం నేర్చుకున్నారు?' అని అడుగుతారు. తర్వాత భోంచేస్తారు."

తువ్వాళ్లు మడతపెడుతున్న కొరీన్ చేతులు ఆగిపోయాయి. పిల్ల ఎంత బాగా నేర్చుకుంది! తను చెప్పిన భిన్నాల కంటే, తను చెప్పని ఈ పాఠమే బాగా ఒంటబట్టింది. ఆమెకి ఏడుపొచ్చింది.

"మా ప్రిన్సిపాల్ అలా కాదు," అంది మారెన్. "మా టీచరు రాకపోతే ఆవిడే వచ్చి క్లాసు చెబుతుంది. ఒకసారి ఒకడు వాంతి చేసుకుంటే ఆవిడే తుడిచింది."

"ప్రిన్సిపాలా?" ఓటిస్ నోరు తెరిచాడు.

కొరీన్ తువ్వాలు పక్కన పడేసి వంటింట్లోకి నడిచింది. హిల్డాకి ఫోన్ చేసింది. "వస్తున్నాను," అంది. ఇంట్లో అడిగావా అని హిల్డా అడగలేదు.

చీకటి పడే వేళకి వెండల్ వచ్చాడు. కోటు విప్పుతూ, "ఏంటి, ఇవాళ ఏం నేర్చుకున్నారు?" అన్నాడు. ఫీబీ, ఓటిస్ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు.

"ప్రిన్సిపాల్ గారూ," అంది కొరీన్, "ఇకనుంచి గురువారాలు టీచరు రాదు. హిల్డా దగ్గర పనికి వెళ్తోంది."

"గురువారమా? నాకు చెరువు..." అతని నవ్వు సగంలో ఆగింది. "నన్నొక మాట అడగవా?"

"సెలవు కావాలంటే ముందుగా చెప్పాలిగా. చెబుతున్నాను."

"మరి వీళ్లకి క్లాసు?"

"టీచరు రానప్పుడు ప్రిన్సిపాలే క్లాసు తీసుకుంటారట. అసలైన బడిలో అంతే."

వెండల్ నవ్వడానికి చూశాడు. ఈసారి కొరీన్ నవ్వలేదు. అతను కుర్చీ అంచున కూలబడి, బూటు లేసు విప్పుకున్నాడు. "భిన్నాలు ఏ పేజీ దాకా అయ్యాయి?" అన్నాడు నెమ్మదిగా.

ఓటిస్ వెళ్లి తండ్రి మోకాలి మీద చెయ్యి వేశాడు.

"నాన్నా, వాంతి తుడవడం వచ్చా నీకు?"