ముప్పావు వంతు మొగుడు

పెళ్లై ఐదు వారాలు, కొత్తింట్లోకి వచ్చి రెండు రోజులు. హాలు నిండా ఇంకా అట్టపెట్టెలే. ఆదివారం పొద్దున అత్తగారు దిగుతున్నారు.

"మీ ఇద్దరికీ సర్దుకోవడం ఎక్కడొస్తుందిలే! నేనొచ్చి వంటగది సర్దిపెడతా," అన్నారావిడ ఫోన్లో.

కొత్త కోడలికి ఆ సాయమే భయం. ఏ గిన్నె ఎక్కడుండాలో ఆవిడ ఒకసారి తేల్చేశారంటే ఇక ఈ జన్మకు అంతే. పొద్దున్నే పొయ్యి గట్టు మీద ఎండ చారలు చారలుగా పడే ఆ వంటగది మీద ఆమె అప్పటికే మనసు పారేసుకుంది.

ఆఫీసులో పదిమంది పనుల్ని గడువులోగా గట్టెక్కించడమే ఆమె ఉద్యోగం. శనివారం పొద్దున ఒక్కో పనికి ఒక్కోటి చొప్పున ఇరవై ఆరు పసుపు చీటీలు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఎడమవైపు 'చేయాలి', మధ్యలో 'చేస్తున్నాం', కుడివైపు 'అయింది'.

"మన పెళ్లి పనులకి కూడా ఇన్ని చీటీలు లేవు కదే," అన్నాడు కాలేజీలో లెక్కలు చెప్పే మొగుడు.

"మాట్లాడకుండా మీ చీటీ తీసుకోండి, మాస్టారూ!"

మధ్యాహ్నానికల్లా అతని తొమ్మిది చీటీలూ కుడివైపు చేరిపోయాయి. ఆమెకు ముద్దొచ్చేశాడు. బుగ్గ గిల్లి మరీ మెచ్చుకుని, అతను బిగించిన అలమర మీద సీసా పెట్టింది. అలమర ఒళ్లు విరుచుకున్నట్టు ఓ పక్కకి వాలింది. సీసా జారి సరిగ్గా ఆమె చేతుల్లో పడింది. చూస్తే ఒక పక్కే మేకులున్నాయి. కొళాయి బాగుచేశాడు సరే, దాని పిడి అతని జేబులోనే ఉంది.

"ముప్పావు వంతు అయిపోయిందిగా! మిగతాది ఎంతసేపు?" అన్నాడు తాపీగా.

ఆమె పొయ్యి వెలిగించి, కాసేపటికి కప్పు అందించింది. ఒక్క గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు.

"ఇవి ఉట్టి వేణ్నీళ్లే!"

"ముప్పావు వంతు టీ అండీ. నీళ్లు కాచాను, కప్పు కడిగాను, చేతికిచ్చాను. టీపొడి, పాలు, పంచదార ఎంతసేపు?"

అతనికి పొలమారింది. తేరుకున్నాక, తన చీటీలన్నీ తనే మళ్లీ ఎడమవైపు అంటించాడు. అప్పటికప్పుడు ఇంటికి రెండు రూల్స్ పుట్టాయి. ఒకరి పని ఇంకొకరు చూసి సరే అంటేనే అయినట్టు. చేతిలో ఒకసారికి ఒక్క చీటీయే.

మూడింటికి ఫోన్ మోగింది. "ఒరేయ్, ముందు బస్సే దొరికిందిరా. గంటలో వచ్చేస్తా!"

ఇంకా పద్నాలుగు చీటీలున్నాయి. అతను చీపురందుకుని పరుగందుకున్నాడు. ఆమె మాత్రం నేల మీద చతికిలబడింది.

"ఇప్పుడా కూర్చోవడం?"

"రెండు నిమిషాలు ఆగండి. అన్నీ ఎలాగూ అవ్వవు. ఏవి ఆగినా కొంప మునగదో చూద్దాం."

వంటగదివి ఐదు. వాటినే పట్టుకున్నారు. అలమరని అతను బిగించాడు, ఆమె వేలాడినంత పనిచేసి పరీక్షించింది. డబ్బాలు ఆమె సర్దింది, అతను మూతలు తీసి మరీ వంకలు వెతికాడు. ఐదో చీటీ కుడివైపుకి వెళ్లిందో లేదో, గుమ్మంలో అత్తగారు!

సంచి కింద పెట్టకుండానే ఆవిడ తిన్నగా వంటగదిలోకి నడిచారు. అలమర వంక అటూ ఇటూ చూశారు. ఉప్పు డబ్బా మీద చెయ్యేసి కాస్త పక్కకి జరిపారు. అంతలో ఫ్రిజ్ కనిపించింది.

"ఈ మిగిలినవేంటే, అమ్మాయ్?"

"మా వల్ల కానివి, అత్తయ్యా. కర్టెన్లు చూడండి, పొద్దున్నుంచీ మాకు లొంగితేగా! మీ చెయ్యి పడితేనే కుదురుతాయి."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "నేను చెప్పలా! ఇటు తే," అంటూ చీటీలు గుప్పెడు పీకబోయారు.

"ఊహూఁ, ఒక్కటే అత్తయ్యా. అది అయ్యాకే ఇంకోటి."

ఆవిడ కోడలి వంక ఒక్క క్షణం ఎగాదిగా చూశారు. కర్టెన్ల చీటీ ఒక్కటే పీక్కుని, కొంగు దోపుకుని హాల్లోకి నడిచారు. "ఒరేయ్, స్టూలు పట్టుకో! కదిలావో, వీపు చిట్లుతుంది!"

వెళ్తూ వెళ్తూ మొగుడు పెళ్లాం చెవిలో గొణిగాడు. "మా అమ్మకే పని అంటగట్టావా!"

"ఇంకా ఎనిమిదున్నాయి. నిదానంగా చేయనివ్వండి."

వంటగదిలో ఆమె ఒక్కతే మిగిలింది. చప్పుడు కాకుండా ఉప్పు డబ్బాని రెండంగుళాలు జరిపి తను పెట్టిన చోటే పెట్టి, టీకి నీళ్లు పెట్టింది.