అడిగినంతే ఇస్తాను

నేను ఒక ఇనప డబ్బాను. గోడలోంచి వచ్చే కరెంటును మచ్చిక చేసి, పన్నెండు వోల్టులకు దించి ఇవ్వడం నా పని. దుకాణాల్లో నన్ను ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఒంటినిండా రంగురంగుల తీగలు, పక్కన చిన్న ఫ్యాను, వీపు మీద ఒక చీటీ. నా తిప్పలన్నీ ఆ చీటీతోనే వచ్చాయి.

ఎక్కడో దూరదేశంలో పుట్టాను. ఊహ తెలిసింది మాత్రం కాకినాడలో, ఒక నెట్ సెంటర్లో, కంప్యూటరు కడుపులో. ఫలితాలు చూసుకోవడానికొచ్చి, పరీక్ష తప్పామని తెలిసినవాళ్లు కంప్యూటరు నెత్తిన ఒక్కటి వేసి పోయేవారు. ఆ దెబ్బల్లో నాకూ వాటా ఉండేది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక ఆ సెంటరు మూతపడింది. నేను పాతసామాన్ల కొట్టుకు చేరాను. అక్కణ్ణించి నన్ను ఇంటికి తెచ్చుకున్నది వీరభద్రం మాస్టారు.

ఆయన బళ్లో డ్రాయింగు చెబుతారు. ఇంటికొస్తే మోటార్లతో కాలక్షేపం. కాపురం మూడో అంతస్తులో. ఆ వానాకాలం ఆయన భార్య హైమావతి గారు మెట్ల మీద జారి మోకాలు దెబ్బతీసుకున్నారు. కొన్నాళ్లపాటు మెట్ల జోలికి వెళ్లొద్దన్నాడు డాక్టరు. దాంతో వీధిలోకి వచ్చే నూకాలమ్మ బండి దగ్గర కూరగాయలు కొనడం మాస్టారి పనైంది. ఆయన బెండకాయను ఎంత అందంగానైనా గీయగలరు గానీ, లేతదో ముదురుదో చెప్పలేరు.

"మళ్లీ ముదురువే తెచ్చారు. కొస విరిచి చూడమన్నాను కదండీ" అన్నారు ఆవిడ ఒకరోజు. తర్వాత గొంతు తగ్గించి, "నా కూర నేను ఏరుకోలేకపోతే ఈ ఇంట్లో నేను ఉన్నట్టే లేదండీ" అన్నారు.

ఆ మాట మాస్టారికి గట్టిగా తగిలింది. పాత కారు అద్దం తుడిచే మోటారొకటి సంపాదించారు. బాల్కనీలో కప్పీ బిగించారు, తాడు కట్టారు, తాడుకు బుట్ట వేలాడదీశారు. ఇక మోటారుకు కరెంటిచ్చేవాళ్లు కావాలి. నేను అల్మారాలోంచి ఆశగా చూస్తున్నాను. ఆయన నన్ను తీసి, చీటీ చదివి, మొహం మార్చేశారు.

"పదహారు ఆంపియర్లంట. మోటారుకు నాలుగైదు చాలు. ఇంత కరెంటు తోస్తే మాడిపోద్ది" అని నన్ను మళ్లీ అల్మారాలో పెట్టేశారు.

తప్పు ఆయన ఒక్కరిదే కాదు. ఈ ఊళ్లో టీవీ కాలినా ఫ్యాను కాలినా "కరెంటు ఎక్కువొచ్చి పోయింది" అంటారు. నిజానికి ఎక్కువొచ్చేది వోల్టేజీ. అది చేసిన పాడుపనికి కరెంటు నిందలు మోస్తోంది. పైగా వీళ్లు విస్తరి ముందు చాలు చాలు అంటున్నా మరో గరిటె వేసేసే మనుషులు. నేనూ అలాగే కుక్కేస్తానని అనుకున్నట్టున్నారు.

ఒక్క ఆంపియరిచ్చే బుజ్జి అడాప్టరును తగిలించారు. మోటారు ఒకసారి మూలిగింది, అడాప్టరు దీపం ఆరిపోయింది. బుట్ట నేల విడిచి లేవలేదు. బాల్కనీలో కుర్చీ వేసుక్కూర్చున్న హైమావతి గారు లేచి లోపలికి వెళ్లబోయారు. నాకైతే ఏడుపొచ్చినంత పనైంది.

గుమ్మం దగ్గర ఆగి అడిగారావిడ. "ఆ ఇనప డబ్బా ఎందుకు పనికిరాదండీ?"

"పదహారుందే దాంట్లో."

"వోల్టులో?"

"అవి సరిపోయాయిలే. రెంటికీ పన్నెండే."

"మరి ఇంట్లో బస్తాడు బియ్యం ఉన్నాయని మీరు పూటకి బస్తాడూ తినేస్తున్నారా?"

మాస్టారు అల్మారా తలుపు తీశారు. తర్వాత నన్ను కిందికి దించారు. నా ఆకుపచ్చ తీగను నల్లతీగతో కలిపితేనే నేను మేలుకుంటాను. అలా కలిపారు, నా ఫ్యాను తిరిగింది. ఆయన మోటారు స్విచ్చి నొక్కారు. మోటారు మొదట గబుక్కున చాలానే అడిగింది, ఇచ్చాను. కదలిక అందుకున్నాక కొంచెమే అడిగింది, అంతే ఇచ్చాను. కింద నూకాలమ్మ బెండకాయలు వేసిన బుట్ట ఊగుతూ పైకి వచ్చింది.

ఆవిడ అందులోంచి ఒక బెండకాయ తీసి కొస విరిచారు. టప్పుమంది. ఆవిడ నవ్వారు. ముదురువన్నీ అదే బుట్టలో వెనక్కి దిగాయి.

"అమ్మగారో, కొసలిరిసేసినయ్యి ఎవరు కొంటారండీ?" అని కింద నుంచి నూకాలమ్మ కేక.

"లేతవి పంపితే నేనే కొంటాను కదే."

ఆ వర్షాలూ చలీ అలా హాయిగా గడిచాయి. చలి వెళ్లేసరికి మోకాలు కుదుటపడింది. ఒక ఉదయం ఆవిడ చెప్పులు వేసుకుని, గోడ పట్టుకుని, మెల్లగా మెట్లు దిగి వెళ్లారు. సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా. కానీ పాతసామాన్ల కొట్టు వాసన ఒక్కసారి గుర్తొచ్చింది.

కాసేపటికి కింద నుంచి పిలుపు వినిపించింది. "ఏవండీ, స్విచ్చి మీటండి. మోకాలితో ఇంత బరువు నేను మొయ్యలేను."

మాస్టారు స్విచ్చి నొక్కారు. మోటారు అడిగింది, ఇచ్చాను. బుట్ట పైకి వచ్చింది. అందులో ఉన్న బెండకాయలన్నిటికీ కొసలు విరిచే ఉన్నాయి.